నానమ్మ ట్రంకు పెట్టెలో పాత నాణేలు: లక్షలా, వందలా, అసలు ఈ లెక్క ఎలా కడతారు?

మొన్న దసరాకి ఇల్లు సర్దుతుంటే నానమ్మ ట్రంకు పెట్టె అడుగున, పాత పట్టుచీర మడతలో ఒక గుడ్డ సంచి దొరికింది. విప్పితే పదకొండు నాణేలు. జార్జి రాజు బొమ్మతో వెండి రూపాయిలు నాలుగు, చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి ఒకటి, మధ్యలో చిల్లున్న కాణీ ఒకటి, తామరపువ్వు ఉన్న పసుపు రంగు ఇరవై పైసలు రెండు, ఖడ్గమృగం పావలా ఒకటి, వైష్ణోదేవి అమ్మవారి అయిదు రూపాయల బిళ్ళ ఒకటి (ఇది ఎవరు వేశారో తెలీదు, నానమ్మ పోయింది 2009లో, ఆ బిళ్ళ వచ్చింది 2012లో), ఒక రామటంకా. మా బాబాయ్ ఫోన్‌లో అప్పటికే ఒక వీడియో రెడీగా ఉంది, "ఈ 5 రూపాయల కాయిన్ మీ దగ్గరుంటే 10 లక్షలు మీవే" అని, ఇంక చూస్కోండి, సాయంత్రం టీ టైముకల్లా మా ఇంట్లో లోన్ తీరిపోయింది, పెద్దత్తయ్య వాళ్ళ డాబా మీద పైపోర్షన్ కూడా లేచింది.

ఆ తర్వాత రెండు నెలలు నేను వీటి వెనక పడ్డా. నాకు అర్థమైనంతవరకు జనం తికమక పడేది నాణెం గురించి కాదు, "విలువ" అనే మాట దగ్గర. ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు లెక్కలు ఇరుక్కుని ఉంటాయి, వీడియోల వాళ్ళు ఆ మూడింటినీ కలిపి కొడతారు.

## ఒకే బిళ్ళకి మూడు రేట్లు

మొదటిది ముఖవిలువ, అంటే నాణెం మీద రాసున్నది. ప్రభుత్వం చెల్లుతుంది అన్నంతకాలమే దీనికి అర్థం. 25 పైసలు, అంతకంటే చిన్నవి అన్నీ 2011 జూన్ 30తో చెల్లడం ఆగిపోయాయి, అప్పటిదాకా బ్యాంకుల్లో మార్చుకోనిచ్చారు, తర్వాత లేదు. కాబట్టి మా ఖడ్గమృగం పావలా ముఖవిలువ సున్నా. అర్ధరూపాయి బిళ్ళ మాత్రం ఇంకా చెల్లుతుంది, కాగితం మీద, మా సందు చివర కిరాణా కొట్లో కాదు. (పది రూపాయల బిళ్ళ సంగతీ ఇలాంటిదే, 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలో చెప్పింది, అయినా తీసుకోం అనే కొట్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి.)

రెండోది లోహం విలువ. కరిగిస్తే ఎంత వెండి, ఎంత రాగి అనేది. ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న నాణేల్ని కరిగించడం నేరం, 2011 నాణేల చట్టం ప్రకారం ఏడేళ్ళ దాకా జైలు, అందుకని ఇక్కడ కరిగించడం అంటే లెక్క కోసం అంటున్నా.

మూడోది కలెక్టర్ రేటు. కలెక్టర్ అంటే జిల్లా కలెక్టర్ కాదు, నాణేలు సేకరించేవాడు (ఆ రెండో కలెక్టర్ కూడా చివర్లో వస్తాడు, ఆగండి). ఈ రేటుకి వయసుతో పెద్దగా పని లేదు. మూడు ప్రశ్నలు మాత్రమే: ఇలాంటివి ఎన్ని మిగిలాయి, ఇది ఏ కండిషన్‌లో ఉంది, కావాలనే వాళ్ళు ఎంతమంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి పోయినా రేటు లోహం దగ్గరికో సున్నా దగ్గరికో జారిపోతుంది.

## వెండి రూపాయిలో వెండి ఎంత

ముందు సులువైన లెక్క చూద్దాం. బ్రిటిష్ వాళ్ళ రూపాయి 11.66 గ్రాములు, సరిగ్గా ఒక పాత తులం. ఇప్పుడు షాపుల్లో పది గ్రాములనే తులం అంటున్నారు గానీ అసలు తులం అంటే ఇదే, కంసాలులు రూపాయి బిళ్ళనే తూకంరాయిగా వాడేవాళ్ళు. అందులో పన్నెండు పాళ్ళకి పదకొండు పాళ్ళు వెండి, అంటే 91.7 శాతం, గ్రాముల్లో సుమారు 10.69. లెక్క తేలిక కోసం వెండి గ్రాము 100 రూపాయలు అనుకుందాం (మీరు చదివే రోజు రేటు వేసుకోండి, వెండి ఈమధ్య ఒక చోట నిలబడట్లేదు), అప్పుడు ఒక్క బిళ్ళలో లోహమే 1,069 రూపాయలు.

కానీ జార్జి బొమ్మ ఉంటే చాలు, ఇదే లెక్క అని పొరబడొద్దు. యుద్ధం వచ్చాక 1940 నుంచి వెండి సగానికి తగ్గించేశారు. అదే సైజు, అదే బరువు, లోపల 5.83 గ్రాములే. ఇంక 1947 రూపాయికి వచ్చేసరికి వెండే లేదు, మొత్తం నికెలు. దాన్ని పట్టుకోవడం ఒక్క క్షణం పని, అయస్కాంతం పెట్టండి, నికెలు అంటుకుంటుంది, వెండి అంటుకోదు. అయితే అంటుకోనంత మాత్రాన వెండి అయిపోదు, జర్మన్ సిల్వర్‌తో (పేరుకే సిల్వర్, ఉండేది రాగి, నికెలు, జింకు) చేసిన నకిలీలు కూడా అంటుకోవు, అందుకే అయస్కాంతం తర్వాత తూకం. అరిగిన బిళ్ళ 11.5 దాకా తూగొచ్చు, 10 గ్రాములో 9 గ్రాములో తూగితే మాత్రం అది రాజుగారి టంకశాల నుంచి రాలేదనే అర్థం.

మా సంచిలో నాలుగు రూపాయిల్లో మూడు పాత జార్జివి, అంటే అయిదో జార్జి, గడ్డం ఆయన. నాలుగోది గడ్డం లేని ఆరో జార్జి, 1944, సగం వెండిది. ఊళ్ళో ఒక నగల షాపాయన నాలుగూ కలిపి ఒకే రేటు చెప్పాడు, ఏ రేటో ఊహించగలరు, సగం వెండి రేటు. ఆయన్ని అని లాభం లేదు, సంవత్సరం చూసుకోవాల్సింది మనమే.

చార్మినార్ రూపాయి లెక్క వేరు. మా నానమ్మ పుట్టిల్లు నందిగామ వైపు, మెట్టినిల్లు నల్గొండ దగ్గర, అంటే ఇటు బ్రిటిష్ ఇలాకా, అటు నిజాం ఇలాకా. బ్రిటిష్ రూపాయిని తెలంగాణ వైపు "కల్దారు" అనేవాళ్ళు, నిజాం రూపాయిని "హాలీ సిక్కా" అనేవాళ్ళు, ఆరు కల్దార్లకి ఏడు హాలీలు. హాలీ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం, అంటే 9.14 గ్రాములు దాకా. ఇందులో కూడా యుద్ధం టైములో సగం వెండికి దిగినవి ఉన్నాయి. చార్మినార్ మధ్య కమాను లోపల ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది, భూతద్దం పెట్టి చూడండి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అయితే "మీమ్", ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ అయితే "ఐన్". మాది ఐన్.

## పాతది కాబట్టి ఖరీదైనదేనా

ఆ చార్మినార్ రూపాయి మీద సంవత్సరం ఉర్దూ అంకెల్లో ఉంది. పక్కింటి తాతకి ఉర్దూ బాగా వచ్చు, కళ్ళజోడు సరిచేసుకుని చదివి "తేరాసౌ సైంతీస్, 1337" అన్నాడు. అంతే, బాబాయ్ వేళ్ళ మీద లెక్కేసి ఇది దగ్గర దగ్గర ఏడొందల ఏళ్ళ నాటిది అని తేల్చేశాడు. ఎవరికీ తట్టలేదు, చార్మినార్ కట్టిందే 1591లో, 1337 నాటి నాణెం మీదకి అది ఎలా ఎక్కుతుంది?

అది హిజ్రీ సంవత్సరం, అంటే ముస్లింల క్యాలెండర్‌ది. చంద్రమానం కాబట్టి ఏడాది కాస్త పొట్టిది, మన క్యాలెండర్‌లోకి మార్చాలంటే 0.97తో గుణించి 622 కలపండి, సుమారుగా సరిపోతుంది. 1337ని 0.97తో గుణిస్తే 1,297, దానికి 622 కలిపితే 1919. అంటే మా నాణెం పుట్టింది 1918-19లో. ఏడొందల ఏళ్ళు కాదు, వందా చిల్లర.

సరే, నిజంగానే ఏడొందలో రెండు వేలో ఏళ్ళ నాటిదైతే? అప్పుడైనా లక్షలేనా? ఇక్కడే చాలామందికి నిరాశ. శాతవాహనుల సీసం నాణేలు రెండు వేల ఏళ్ళ నాటివి, ఒక్క పెద్దబంకూరు తవ్వకాల్లోనే కుండల్లో 22 వేల దాకా దొరికాయి. మామూలు రకం, అరిగి అక్షరాలు పోయినవి మార్కెట్‌లో వందల్లోనే నడుస్తాయి. అదే శాతవాహనుల్లో రాజు ముఖం, పేరు స్పష్టంగా ఉన్న వెండి నాణెం అయితే కథ వేరు. వయసు రెండింటికీ ఒకటే, మిగిలినవి ఎన్ని అన్నదే తేడా.

నాకు ఇంకా బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. 1808లో మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లాండ్‌లో రాగి కాసులు కొట్టించి అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడలో ఎక్కించారు. ఆ ఓడ 1809 జనవరిలో ఇంగ్లాండ్ తీరం దాటకుండానే గుడ్‌విన్ శాండ్స్ అనే ఇసుకతిన్నెల దగ్గర మునిగిపోయింది. 1980ల్లో డైవర్లు ఆ ఓడని పట్టుకుంటే లక్షల కొద్దీ కాసులు బయటపడ్డాయి. రెండొందల ఏళ్ళ నాటివి, ఓడ మునక కథ ఉంది, మన మద్రాసు కోసం కొట్టినవి, అన్నీ ఉన్నాయి. కానీ మరీ ఎక్కువ దొరికాయి కదా, అందుకే చవక.

(మాటలో మాట, కోస్తా వాళ్ళకి ఆసక్తిగా ఉంటుంది: ఉత్తర సర్కార్ల కోసం 1794, 1797 తేదీలతో ఈస్ట్ ఇండియా కంపెనీ వాళ్ళు రాగి నాణేలు కొట్టించారు, మీద "రూపాయికి 48" అని ఇంగ్లీషులో ఉంటుంది. ఆ రాగి నాణేన్ని డబ్బు అనేవాళ్ళు, ఇవాళ మనం మొత్తం ధనాన్నే డబ్బు అంటున్నాం.)

## 1918కి, 1922కి మధ్య తేడా

మా మూడు గడ్డం జార్జి రూపాయిల్లో రెండు 1918వి, ఒకటి 1919ది. బరువు అదే, వెండి అదే. పెట్టెలో 1922ది గనక ఉండుంటే మాత్రం ఈ వ్యాసం ఇంకోలా ఉండేది.

ఎందుకంటే 1918 మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాది. ఇండియాలో సరుకు కొనడానికి, సైన్యానికి జీతాలివ్వడానికి రూపాయిలు కావాలి, జనం నోటు నమ్మట్లేదు, వెండే కావాలంటున్నారు. వెండి లేక బ్రిటన్ అమెరికాని అడిగితే, వాళ్ళు పిట్‌మన్ చట్టం అని ఒకటి చేసి 27 కోట్ల దాకా తమ వెండి డాలర్లు కరిగించారు, అందులో అత్యధిక భాగం ఇండియా కోసమే వచ్చింది. బొంబాయి, కలకత్తా టంకశాలలు కలిపి 1918 తేదీతో 40 కోట్లకి పైగా రూపాయిలు కొట్టాయి. 40 కోట్లు! అందుకే తెలుగు ఇళ్ళల్లో ఏ పెట్టె తెరిచినా 1917, 1918, 1919 రూపాయిలే. వాటి రేటు వెండి రేటుకి కాస్త అటూ ఇటూ. 1922 బొంబాయి రూపాయిలు మాత్రం 20 లక్షల దాకానే కొట్టారు, అదే బిళ్ళకి కలెక్టర్లు ఎన్నో రెట్లు పెడతారు.

అందరికీ తెలిసిన అరుదైనది ఆరో జార్జి 1939 రూపాయి, పూర్తి వెండి రూపాయిల్లో చివరిది, బయటికి వచ్చినవి బాగా తక్కువ. దీనికి రేటు ఉందని అందరికీ తెలుసు కాబట్టి 1938లో 8ని గీకి 9 చేసే ఘనులు కూడా ఉన్నారు. ఎవరైనా మీకు 1939 చూపిస్తే ముందు ఆఖరి అంకె చుట్టూ భూతద్దం పెట్టండి.

సంవత్సరమే నిజం చెబుతుందన్న గ్యారంటీ కూడా లేదండోయ్. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయిని చూసి ఎగిరి గంతేసేవాళ్ళు ఉంటారు, ఆ తేదీని మార్చకుండా 1874 దాకా అలాగే కొడుతూ పోయారు, కాబట్టి కుప్పలు. 1835 అని ఉన్న విలియం రాజు రూపాయిలు, 1840 అని ఉన్న కంపెనీ విక్టోరియా రూపాయిలు కూడా ఇలా ఆగిపోయిన తేదీలవే.

కథ ఉన్న నాణేనికి గిరాకీ ఎక్కువ అన్నది ఒక్కటి ఒప్పుకోవాలి. 1911 జార్జి రూపాయిలో రాజు మెడలో గొలుసుకి చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది, తొండం సరిగ్గా కుదరక అది పందిలా కనిపించింది, ముస్లింలు అభ్యంతరం చెప్పారు, 1912 నుంచి బొమ్మ సరిదిద్దారు. దాన్ని ఇప్పటికీ పంది రూపాయి అనే అంటారు, 1911 ఒక్క ఏడాదికే పరిమితం కాబట్టి సెట్ పూర్తి చేసుకునేవాళ్ళు వెతుక్కుంటారు.

## సంవత్సరం కింద చుక్క, నక్షత్రం, వజ్రం

స్వాతంత్ర్యం తర్వాతి నాణేలకి తేదీ కింద ఒక చిన్న గుర్తు ఉంటుంది, ఎక్కడ ముద్రించారో అది చెబుతుంది. వజ్రం ఆకారం అయితే ముంబై, నక్షత్రం అయితే మన హైదరాబాద్, గుండ్రటి చుక్క అయితే నోయిడా, ఏమీ లేకపోతే కలకత్తా. హైదరాబాద్ టంకశాల 1903లో సైఫాబాద్‌కి మారింది, 1997లో అక్కడి నుంచి చర్లపల్లికి వెళ్ళింది, సైఫాబాద్ పాత బిల్డింగ్‌లో ఇప్పుడు మ్యూజియం పెట్టారు, పిల్లల్ని తీసుకెళ్ళొచ్చు.

చిల్లర కరువొచ్చినప్పుడు మన ప్రభుత్వం బయటి దేశాల్లో కూడా కొట్టించింది. 1985 రూపాయి మీద తేదీ కింద హెచ్ అక్షరం ఉంటే అది బర్మింగ్‌హామ్ హీటన్ మింట్‌ది, 1988 పావలా, అర్ధరూపాయిల మీద సి ఉంటే కెనడాది. వీడియోల్లో "ఫారిన్ మింట్ కాయిన్, రెండు లక్షలు" అనేది వీటి గురించే. నిజానికి చిల్లర కరువు తీర్చడానికి కొట్టించారంటేనే కోట్లల్లో కొట్టించారని అర్థం, ఆలోచించండి.

ఎర్రర్ కాయిన్లు ఇంకో గోల. బొమ్మ పక్కకి జరిగి పడటం, ఒకవైపు బొమ్మే రెండోవైపు అద్దంలోలా తిరగబడి పడటం, ఇవి టంకశాల లోపల జరిగిన తప్పులు, వీటికి నిజంగానే గిరాకీ ఉంది. రైలు పట్టాల మీద పెట్టి చదును చేసింది, సుత్తితో కొట్టింది, యాసిడ్‌లో వేసి సన్నం చేసింది, ఇవి బయట తగిలిన దెబ్బలు, వీటికి రేటు పెరగదు, ఉన్నది పోతుంది.

## చింతపండు చేసిన నష్టం

ఇది రాయడానికి నాకు కాస్త బాధగానే ఉంది. సంచి దొరికిన మర్నాడు పొద్దున నేను లేచేసరికి మా అమ్మ పదకొండు నాణేలూ చింతపండు, పీతాంబరి పెట్టి తోమేసి, పసుపు కుంకుమ బొట్టు పెట్టి దేవుడి దగ్గర వరసగా పేర్చింది. తళతళలాడుతున్నాయి. అమ్మకి ఎంత సంతోషమో!

కలెక్టర్లకి ఆ తళతళే పనికిరాదు. వందేళ్ళు గాలికి నల్లబడిన పొరని వాళ్ళు నాణెం చర్మం లాగా చూస్తారు, తోమితే ఆ పొర పోయి, సన్నటి గీతలు పడతాయి, లైటు కింద పక్కకి వంచి చూస్తే జుట్టు దువ్వినట్టు ఒకే దిక్కులో కనిపిస్తాయి. రాగి నాణేలకి ఇంకా ఘోరం, గులాబీ రంగులోకి వచ్చేస్తాయి, మా చిల్లికాణీ ఇప్పుడు అలాగే ఉంది. అదృష్టం ఏంటంటే 1943 నుంచి 1947 దాకా ఆ చిల్లికాణీలు విపరీతంగా కొట్టారు, పోయిందేమీ పెద్ద లేదు.

కండిషన్‌ని కొలవడానికి వాళ్ళకో మెట్ల వరస ఉంది. చేతులు మారనే లేదు అన్నంత కొత్తగా ఉంటే యూఎన్‌సీ, కాస్త అరిగితే ఎక్స్‌ఎఫ్, ఇంకా అరిగితే వీఎఫ్, ఎఫ్, అలా కిందకి. జార్జి రూపాయిలో ముందు అరిగేవి ఎత్తుగా ఉన్న చోట్లు, అంటే కిరీటం మీద ముత్యాలు, చెవి పక్కన గడ్డం వెంట్రుకలు, అంగీ మీది ఆ ఏనుగు. ముత్యాలు విడివిడిగా లెక్కపెట్టగలిగితే ఒక రేటు, అన్నీ కలిసి ఒక గీతలా కనిపిస్తే వెండి రేటు. ఒక మెట్టు తేడాకి అరుదైన నాణేల్లో రేటు రెండింతలు మూడింతలు మారిపోవచ్చు, మామూలు వాటిలో పెద్ద తేడా ఉండదు.

అమెరికాలో ఎన్‌జీసీ, పీసీజీఎస్ అని కంపెనీలున్నాయి, నాణేన్ని పరీక్షించి, గ్రేడ్ వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి ఇస్తాయి. ఇది అవసరమా అనే దాని మీద సేకరించేవాళ్ళలోనే రెండు మాటలున్నాయి. డబ్బాలో ఉంటే నకిలీ భయం ఉండదు, ఎక్కడైనా అమ్మొచ్చు అని కొందరు, వెయ్యి రూపాయల బిళ్ళకి దానికి మించిన ఫీజు కట్టడం దండగ అని కొందరు. నా మటుకు రెండో మాటే సబబు, 1939 లాంటిది చేతిలో ఉంటే తప్ప.

## పది లక్షల అమ్మవారి బిళ్ళ

ఇప్పుడు బాబాయ్ వీడియో దగ్గరికి వద్దాం. మాతా వైష్ణోదేవి బోర్డు పేరు మీద 2012లో అయిదు, పది రూపాయల నాణేలు వచ్చాయి. మామూలు చెలామణి కోసమే కొట్టారు, కండక్టర్ చిల్లరలో కూడా వచ్చేవి. అమ్మవారి బొమ్మ అని జనం దాచుకున్నారు, కాబట్టి చేతుల్లో తిరగడం తగ్గింది. పండగలకి ఆ బిళ్ళ కావాలని అడిగేవాళ్ళు ఉన్నారు, పదుల రూపాయల్లో అమ్ముడవుతుంది. పది లక్షలు ఎక్కడి నుంచి వచ్చింది మరి?

ఎవరో ఒక సైట్‌లో దాన్ని పది లక్షలకి అమ్మకానికి పెట్టారు. అంతే. పెట్టడానికి పైసా ఖర్చు లేదు, నేను నా చెప్పుల జతని కోటికి పెట్టొచ్చు. దాని స్క్రీన్‌షాట్ తీసి "పది లక్షలకి అమ్ముడుపోయింది" అని వీడియో చేస్తారు. అడిగిన ధర వేరు, అమ్ముడుపోయిన ధర వేరు, ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం వీడియోలు రాలిపోతాయి. అమ్ముడుపోయిన ధరలు చూడాలంటే దారి ఉంది, ముంబైలో టోడీవాలా, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్, అహ్మదాబాద్‌లో క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ లాంటి వేలం సంస్థలు పాత వేలాల ఫలితాలు ఆన్‌లైన్‌లో ఉంచుతాయి, మీ నాణెం, మీ సంవత్సరం, మీ గుర్తు ఉన్నది ఎంతకి పోయిందో అక్కడ కనిపిస్తుంది. న్యూమిస్టా అనే సైట్‌లో రకం గుర్తుపట్టొచ్చు.

స్క్రీన్‌షాట్ చూసి మీరు ఫోన్ చేస్తే అసలు ఆట మొదలవుతుంది. అవతలివాడు బేరం ఆడడు, వెంటనే ఒప్పేసుకుంటాడు, అదే మొదటి అనుమానం రావాల్సిన చోటు. తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు 1,500, తర్వాత జీఎస్టీ, తర్వాత "ఆర్‌బీఐ ఎన్‌ఓసీ" అని గవర్నర్ సంతకం ఉన్న కాగితం వాట్సాప్‌లో. కొనేవాడు డబ్బులివ్వాలి గానీ అమ్మేవాడి దగ్గర వసూలు చెయ్యడమేంటి? 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది, పాత నోట్లు, నాణేల కొనుగోళ్ళతో తమకి సంబంధం లేదు, ఏ ఫీజూ కమీషనూ తాము అడగం, తమ పేరుతో వసూలు చెయ్యడానికి ఎవరికీ అధికారం ఇవ్వలేదు అని.

తామరపువ్వు ఇరవై పైసల సంగతి కూడా ఇలాంటిదే, కాకపోతే ఇందులో మోసం తక్కువ, భక్తి ఎక్కువ. 1968 నుంచి 1971 దాకా వచ్చాయి, ఇత్తడి రంగు. అందులో బంగారం కలిసిందని అప్పట్లోనే పుకారు, లేదు. లక్ష్మీపూజకి 108 తామర బిళ్ళలు కావాలని జనం వెతుకుతారు కాబట్టి పూజ సామాను కొట్లలో కూడా దొరుకుతాయి. విడిగా పదుల్లో పలుకుతాయి.

## రామటంకా, ఆ బియ్యం లాగే బిళ్ళ

ఇది కొంచెం జాగ్రత్తగా చెప్పాలి, ఇంట్లో పెద్దవాళ్ళ నమ్మకం ఉంటుంది. రాముడి పట్టాభిషేకం బొమ్మ ఉన్న బిళ్ళలు ఎప్పటినుంచో గుళ్ళ దగ్గర అమ్ముతున్నారు, పూజకి పెట్టుకునే టంకాలు అవి, ఏ ప్రభుత్వమూ చెలామణికి కొట్టినవి కావు. వాటిలో పాత వెండివి సేకరించేవాళ్ళు ఉన్నారు. కానీ ఒకవైపు సీతారాములో ఆంజనేయస్వామో, రెండోవైపు ఇంగ్లీషులో ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818, యూకేఎల్ వన్ అణా అని ఉన్న రాగి బిళ్ళలు ఎక్కువగా తిరుగుతున్నాయి చూడండి, కంపెనీ అలాంటివి ఎప్పుడూ కొట్టలేదు. 1616 అని ఉన్నవి కూడా చూశాను. మా సంచిలోది ఆ 1818 రకమే. విలువ రాగి విలువ.

వీటి చుట్టూనే రైస్ పుల్లర్ మోసం నడుస్తుంది. బిళ్ళ దగ్గర పెడితే బియ్యం గింజలు దానివైపు జరుగుతాయి, లోపల ఇరీడియం అనే అరుదైన లోహం ఉంది, నాసా వాళ్ళు కోట్లు పెట్టి కొంటారు, ముందు టెస్టింగ్‌కి సైంటిస్టుని పిలిపించాలి, దానికి రెండు లక్షలు కట్టాలి అని. గింజల్లో ఇనుప రజను, బిళ్ళ కింద అయస్కాంతం, అంతే విద్య. రెండు రాష్ట్రాల్లోనూ ఏటా ఎక్కడో ఒకచోట పోలీసులు ఇలాంటి ముఠాని పట్టుకుంటూనే ఉన్నారు.

## ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం: పెట్టుబడా, జ్ఞాపకమా

మన వాళ్ళలో ఈమధ్య ఎక్కువమంది అడిగేది ఇదే. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఎన్టీఆర్ శతజయంతి నాణెం విడుదల చేశారు. 35 గ్రాములు, సగం వెండి, మిగతాది రాగి, నికెలు, జింకు. ముఖవిలువ వంద, టంకశాల అమ్మిన రేటు నాలుగు వేలకి పైనే. లెక్కేద్దాం: వెండి 17.5 గ్రాములు, మన ఊహ రేటు గ్రాముకి 100 ప్రకారం 1,750. అంటే కొన్న రోజునే వంద రూపాయలు ముఖవిలువ, 1,750 లోహం, మిగతాదంతా జ్ఞాపకం ఖరీదు.

ఇది పెరుగుతుందనే వాళ్ళ వాదన కొట్టిపారెయ్యలేం, చెలామణికి రాని నాణెం, ముద్రించిన సంఖ్య పరిమితం, కావాలనే అభిమానులు లక్షల్లో ఉన్నారు, పైగా వెండి పెరుగుతోంది. రెండో వైపు వాదన ఏంటంటే, కొన్న ప్రతి ఒక్కరూ డబ్బా తెరవకుండా జాగ్రత్తగా దాచారు, అంటే ఒక్కటీ పోలేదు, ఒక్కటీ అరగలేదు, అందరూ ఒకేసారి అమ్మాలనుకుంటే కొనేదెవరు? 1964 నెహ్రూ రూపాయిని కూడా జనం ఇలాగే దాచుకున్నారు, నికెలు నాణెం, అరవై ఏళ్ళయినా కుప్పల కొద్దీ దొరుకుతుంది, చవకే. నా అభిప్రాయం అడిగితే అన్నగారి మీద ఇష్టంతో కొన్నవాళ్ళకి ఏ లెక్కా అక్కర్లేదు, పెట్టుబడి అని కొన్నవాళ్ళు మాత్రం వెండి వంక చూస్తూ కూర్చోవాలి.

## అమ్మే ముందు చట్టం సంగతి

ఇంట్లో వారసత్వంగా వచ్చిన పాత నాణేలు అమ్ముకోవడం తప్పు కాదు. నేలలో దొరికితే మాత్రం వేరే. ఇల్లు కట్టడానికి పునాది తవ్వుతుంటేనో పొలం దున్నుతుంటేనో కుండ బయటపడితే 1878 నాటి నిధినిక్షేపాల చట్టం వర్తిస్తుంది, పది రూపాయల విలువ దాటిన ఏ నిధి దొరికినా కలెక్టర్‌కి చెప్పాలి, ఇక్కడ మాత్రం జిల్లా కలెక్టరే. కూలీలూ మేస్త్రీ పంచుకుని తీసుకెళ్ళి కంసాలి దగ్గర కరిగిస్తే కేసుతో పాటు చరిత్ర కూడా పోతుంది, ఆ కుండ ఏ లోతులో, దేని పక్కన ఉందో అన్నదే పురావస్తు శాఖ వాళ్ళకి కావాల్సింది.

అమ్మేచోట ఇంకో వాస్తవం. కొనేవాడు వేలం రేటు ఇవ్వడు, అతను మళ్ళీ అమ్మాలి, అందులో అతని లాభం ఉండాలి. మా నాలుగు వెండి రూపాయిల్ని, చార్మినార్ రూపాయిని ఒక కాయిన్ ఫెయిర్‌లో ముగ్గురికి చూపించా. ముగ్గురూ తిప్పి చూసి, లైటు కింద వంచి, "తోమారు కదా" అన్నారు. ముగ్గురి రేట్లూ వెండి రేటు చుట్టుపక్కలే తిరిగాయి, చార్మినార్‌కి మాత్రం ఒకాయన మిగతా ఇద్దరికంటే రెండొందలు ఎక్కువ పెట్టాడు. మిగతా ఆరూ ఎవరూ చేతిలోకి కూడా తీసుకోలేదు.

చార్మినార్ రూపాయి అమ్మలేదు. డల్లాస్‌లో ఉన్న మా పెద్దత్తయ్య కొడుకు అది తనకి కావాలన్నాడు, సంక్రాంతికి వచ్చినప్పుడు పర్సులో వేసుకుపోతా అన్నాడు. అదీ కుదరదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు, 1337 హిజ్రీ అంటే వందేళ్ళు ఎప్పుడో దాటేసింది. ఎయిర్‌పోర్ట్‌లో పట్టుబడితే వెయ్యి రూపాయల బిళ్ళకి లాయర్ ఫీజు అవుతుంది. "అదే 1944 రూపాయి అయితే తీసుకెళ్ళొచ్చా?" అన్నాడు. దానికింకా వందేళ్ళు నిండలేదు కాబట్టి ఈ చట్టం దానికి అడ్డురాదు, సగం వెండి అయినా సరే అదే పట్టుకెళ్ళాడు. చార్మినార్ మాత్రం ఇక్కడే ఉంది, చిన్న కాగితం కవర్లో, కవరు మీద బాల్‌పెన్నుతో "1337 హిజ్రీ, ఐన్, 11.1 గ్రాములు, తోమొద్దు" అని రాసి.